మోత్ చేతికొచ్చిన ఆవిరిబుట్ట

చంథా ముసలమ్మ కంటి పొర తీయించుకోవడానికి పట్నంలో ఉన్న రెండో కూతురి దగ్గరికి బయలుదేరిన రోజున ఆ ఇంట్లో ఇద్దరికి ఉద్యోగాలొచ్చాయి. మనవరాలు మోత్‌కి పొద్దున్నే అన్నం వండే ఉద్యోగం. ముసలాయన బున్‌లియెంగ్‌కి ఏమీ చెయ్యకుండా కూర్చునే ఉద్యోగం. రెండోదే కష్టమైంది.

పదేళ్ళ ఆ పిల్ల అసలు పేరు మణిచన్. పుట్టినప్పుడు చీమంత ఉండేదని అందరూ మోత్ అనేవారు, వాళ్ళ భాషలో చీమ అని. పేరుకి చీమే గాని చీమకున్న బుద్ధి ఒక్కటీ అబ్బలేదని దాని పెద్దమ్మ దావోన్ అభిప్రాయం. అందులో అబద్ధమూ లేదు. బాతు కాలికి తాడు కట్టి నది ఒడ్డున మేపుకురమ్మంటే సాయంత్రానికి తాడు ఒక్కటే పట్టుకొచ్చింది. పక్కింటికెళ్ళి ఉప్పు అడిగి తెమ్మంటే ఆ ఇంట్లో ముగ్గురి తలలకీ పేలు చూసిపెట్టి, జామకాయ తింటూ తిరిగొచ్చింది. అందుకని ఆ ఇంట్లో ఎవరూ మోత్ చేతికి పగిలేదీ, పారేదీ, మరిచిపోయేదీ ఇచ్చేవారు కాదు. అంటే ఏదీ ఇచ్చేవారు కాదన్నమాట.

అటువంటి పిల్ల చేతిలో ముసలమ్మ తన ఆవిరిబుట్ట పెట్టింది. గంట ఆకారంలో అల్లిన వెదురు బుట్ట అది. నలభై ఆరేళ్ళుగా ఆ పొయ్యి ముసలమ్మది. వెనకటి బుట్టలు అరిగిపోతే కొత్తవి వచ్చాయి గాని పట్టుకున్న చెయ్యి మారలేదు. చిన్నకూతురు బువావన్, అంటే మోత్ తల్లి, స్తంభాల మీద నిలబెట్టిన ఆ ఇంటి కింద మగ్గం చూసుకునేది. అల్లుడు సోమ్‌ఫోన్ నదిలో పడవ నడిపేవాడు, వారానికి రెండు రోజులు ఇంట్లో కనిపిస్తే ఎక్కువ. పొయ్యి తల్లిది, మగ్గం కూతురిది, పడవ అల్లుడిది. బున్‌లియెంగ్‌కి మిగిలింది నోరు. దాన్ని ఆయన ఏనాడూ ఖాళీగా ఉంచలేదు.

నిచ్చెన మెట్టు మీద నిలబడి ముసలమ్మ అందరికీ వినపడేలా చెప్పింది.

"నేను తిరిగొచ్చేదాకా ఈ బుట్ట దీనిది. పెద్దవాళ్ళ చెయ్యి దీని మీద పడకూడదు. మాడినా సరే, పలుకైనా సరే, తినండి. మీరు చెయ్యి పెడితే అది నేర్చుకోదు, మీకు పుణ్యం వచ్చిందని మీరు మురిసిపోతారు, అంతే."

పక్కిల్లే దావోన్‌ది. ఆవిడ ఊరుకోలేదు. రోజూ పొద్దున్న భిక్షువులకి పెట్టే అన్నం, ఇంటి పరువు, పిల్లాటలా అంది. వాదించి వాదించి చివరికి ఒక గడువు పెట్టించింది. పన్నెండో నెల పున్నమికి ఊరంతా విహారంలో చేరుతుంది. ఏడు భిక్షాపాత్రలు వరసగా పెడతారు, ఇంటికొకరు చొప్పున నడుచుకుంటూ ఒక్కో పాత్రలో ఒక్కో ముద్ద వేస్తారు. ఏ ఇంటి అన్నం ఎలా ఉందో ఆ రోజు ఊరు మొత్తం చూస్తుంది. ఆ రోజు మోత్ వండిన అన్నం బాగుంటే సరే. బాగోలేకపోతే ఆవిరిబుట్ట దావోన్ ఇంటికి వెళ్ళిపోతుంది, మోత్‌కి పదిహేనో ఏడు వచ్చాక అప్పుడు చూద్దాం. పడవ కదిలే వేళైంది, ముసలమ్మ సరేనంది. కాపలా మాత్రం మొగుడికి అప్పగించి వెళ్ళింది. బున్‌లియెంగ్ ఇంటి మూలస్తంభం మీద చెయ్యి వేసి, ఆ బుట్టని ముట్టనని ప్రమాణం చేశాడు.

మోత్ బుట్టని తీసుకెళ్ళి తను పడుకునే చాప పైన మేకుకి తగిలించుకుంది. ఆ పిల్ల అలా ఒక వస్తువుని ఫలానా చోట పెట్టడం ముసలాయన చూడటం అదే మొదటిసారి.

జిగురు బియ్యం వండటం చూసేవాడికి తేలిక. సాయంత్రం నాలుగు డబ్బాల బియ్యం కొలిచి నీళ్ళలో నానబెట్టాలి. కోడి రెండోసారి కూసేలోగా లేచి, నీళ్ళు వంచి, బియ్యాన్ని బుట్టలో పోసి, సన్న నడుము కుండ మీద బుట్టని నిలబెట్టాలి. కింద నీళ్ళు మరిగి ఆ ఆవిరికి అన్నం ఉడుకుతుంది. సగంలో బుట్టని ఒక్క విసురు విసిరి అన్నం ముద్దని తిరగెయ్యాలి. దించాక చెక్క పలక మీద పరిచి ఆవిరి పోగొట్టి, మూతబుట్టల్లోకి ఎత్తాలి. మొదటి ముద్ద భిక్షువులకి, తరవాతే ఇంట్లో వాళ్ళ నోటికి.

మొదటి రోజు మోత్ కుండలో నీళ్ళు తక్కువ పోసింది. అడుగు ఎండిపోయి కుండ మాడు వాసన కొట్టింది. వంటింటి గుమ్మంలో కూర్చున్న బున్‌లియెంగ్‌కి ఆ వాసన పిల్ల కంటే ముందే తెలిసింది. చేతులు వాటంతటవే లేవబోయాయి. వాటిని తొడల కింద పెట్టుకుని వాటి మీద తనే కూర్చున్నాడు. ఇంటి కింద బువావన్ మగ్గం దెబ్బలు గట్టిగా వినపడ్డాయి. ఆ కూతురూ చేతులు ఆపుకుంటోందని ఆయనకి అర్థమైంది. కాసేపటికి మోత్ ముక్కు ఎగబీల్చి, దిగ్గున లేచి, చెంబుడు నీళ్ళు పోసింది.

మూడో రోజు తిరగెయ్యడం మరిచిపోయింది. కింద సగం మెత్తగా, పై సగం ఇసకలా వచ్చింది. ఆ రోజు వీధిలో భిక్షువులకి కింద సగమే పెట్టి, పై సగం ఇంట్లోవాళ్ళు నమిలారు. ఎవరూ ఏమీ అనలేదు. అనకపోవడమే మోత్‌కి బాధైంది. పొయ్యి దగ్గర మూతి ముడుచుకుని కూర్చుంటే ముసలాయన ఓదార్పుగా ఒక కథ అందుకున్నాడు. తన చిన్నతనంలో జిగురు బియ్యం ఎంత జిగురంటే, ఒక పులి ఇంట్లో జొరబడి బుట్టెడన్నం తిని, పళ్ళు అతుక్కుపోయి నోరు తెరవలేకపోయిందట. గర్జించడం కుదరక ఊరందరినీ చూసి మర్యాదగా నవ్వుకుంటూ అడవిలోకి వెళ్ళిపోయిందట.

మోత్ అంతా విని, "తిన్నాక బుట్టకి మూత పెట్టిందా?" అని అడిగింది.

"ఎందుకు పెడుతుంది, పులి కదా."

"అయితే దాని పెళ్ళాం వదిలేసి పోయుంటుంది. అమ్మమ్మ చెప్పింది, అన్నం బుట్టకి మూత పెట్టకపోతే మొగుడూ పెళ్ళాం విడిపోతారని."

లేచి వెళ్ళి తమ ఇంటి బుట్టల మూతలన్నీ ఒకసారి నొక్కి చూసి వచ్చింది.  ముసలాయన కథకి తోక అతికించిన మనిషి ఆ ఊళ్ళో అదే మొదలు.

తొమ్మిదో రోజున బుట్టని రెండు చేతులా పట్టుకుని, మోకాళ్ళు వంచి, ఒక్క విసురు విసిరింది. అన్నం ముద్ద చెక్కు చెదరకుండా గాల్లో బోర్లాపడి మళ్ళీ బుట్టలో కూర్చుంది. మోత్ తాత వైపు చూడలేదు. చూస్తే నవ్వొస్తుందని కాబోలు. బున్‌లియెంగ్ మాత్రం అన్నం కూడా తినకుండా పడవల రేవుకి వెళ్ళిపోయాడు. అక్కడ చెప్పేటప్పటికి ముద్ద దూలం దాకా లేచింది. రెండో చుట్ట ముట్టించేటప్పటికి దూలానికున్న బల్లి ఒకటి దానికి అతుక్కుని కిందికొచ్చింది. రేవులో వాళ్ళు నవ్వి, కత్తి లేకుండా కోసేవాడు ఈ నదికి రెండు వైపులా నువ్వొక్కడివే బున్‌లియెంగన్నా అన్నారు. ఆయనకి కోపం రాలేదు. బల్లి సంగతి ఎలా ఉన్నా విసురు సంగతి నిజమే కదా.

అలా పున్నమి దగ్గరపడింది. మోత్‌ని ఎవరూ లేపడం లేదు. సాయంత్రం ఆటలో ఉన్నా, నీడ మెట్ల దగ్గరికి రాగానే ఆట మధ్యలో వదిలేసి వచ్చి బియ్యం కొలిచేది. దావోన్ రోజూ పొద్దున్నే గోడ మీంచి తొంగి చూసి వెళ్ళేది. తప్పు దొరక్కపోవడంతో ఆవిడ తొంగి చూడటం ఇంకా ఎక్కువైంది.

పున్నమికి ముందురోజు కొత్త పంట మరపట్టి వచ్చింది. ఆ ఏడు పొలం బాగా పండింది. బస్తా మూతి విప్పి గుప్పెడు బియ్యం ముక్కు దగ్గర పెట్టుకునేసరికి బున్‌లియెంగ్‌కి కళ్ళు తిరిగినంత పనైంది. రేపు విహారంలో మొదటి ముద్ద ఈ బియ్యానిదే కావాలి. మనవరాలు వండిన కొత్తన్నం వాసన హాలంతా కమ్ముకోవాలి. దావోన్ ముక్కుకి ముందు తగలాలి. ఇంతకంటే మంచి ఆలోచన తనకి డెబ్బై ఒక్క ఏళ్ళలో రాలేదనిపించింది. ప్రమాణం బుట్ట మీద గాని బియ్యం జాడీ మీద కాదు. ఇంట్లో ఎవరూ లేనప్పుడు జాడీలో ఉన్న పాత బియ్యం మూలనున్న పెద్ద డబ్బాలోకి ఎత్తేసి, జాడీ నిండా కొత్త బియ్యం పోసి మూత పెట్టాడు. చెబితే గొప్ప తగ్గిపోతుందని చెప్పలేదు.

సాయంత్రం మోత్ నాలుగు డబ్బాలకి బదులు పండగ కదా అని ఆరు కొలిచింది. జాడీలో చెయ్యి పెట్టి ఒక్క క్షణం ఆగి, "ఇవాళ బియ్యం మంచి వాసనేస్తున్నాయి తాతా," అంది. ముసలాయన గోడ వైపు తిరిగి ముసిముసిగా నవ్వుకున్నాడు. మోత్ ఎప్పటిలాగే నీళ్ళు పోసి తెల్లవారేదాకా నానేట్టు మూత పెట్టి పడుకుంది.

డెబ్బై ఒక్క ఏళ్ళుగా జిగురన్నం తిన్న మనిషి బున్‌లియెంగ్. ఒక్క పూటైనా నానబెట్టిన మనిషి కాదు.

పొద్దున్న విహారంలో మొదటి డోలు మోగేసరికి మోత్ బుట్ట మీది గుడ్డ ఎత్తి చూసింది. ఎత్తిన గుడ్డ ఎత్తినట్టే పట్టుకుని ఉండిపోయింది. గుమ్మంలోంచి బున్‌లియెంగ్ మెడ చాచాడు. బుట్టలో అన్నం లేదు. గంజి పెట్టడానికి కాచిన పిండిలాంటిదేదో ఉంది. మెతుకుకీ మెతుకుకీ మధ్య సందు లేదు. మోత్ గరిటె గుచ్చితే గరిటె దానంతటదే నిలబడి, మెల్లగా పక్కకి వాలింది.

మోత్ ఏడవలేదు. నీళ్ళు ఎక్కువయ్యాయా అని కుండలోకి చూసింది. పొయ్యి చూసింది. తన చేతులు చూసుకుంది. ఏం తప్పు చేసిందో తెలియని పిల్ల మొహం చూడటం ముసలాయన వల్ల కాలేదు.

సరిగ్గా అప్పుడే దావోన్ వచ్చింది. విహారానికి తొడుక్కునే పట్టంచు పావడా కట్టుకుని, భుజాన తువ్వాలు అడ్డంగా వేసుకుని తయారై ఉంది. బుట్టలోకి ఒక్కసారి చూసింది. ఆవిడ మొహంలో సంతోషం లేదు, అది చెప్పి తీరాలి. కానీ చెయ్యి మాత్రం ఆవిరిబుట్ట వైపు చాచింది. మా ఇంట్లో అన్నం ఉంది, రెండిళ్ళకీ అదే సరిపెడతాను, ఇది ఇటిచ్చెయ్ అంది. మోత్ బుట్ట వదల్లేదు. లాక్కోనూ లేదు. రెండు చేతులూ దాని మీద అలా ఉంచింది.

"దాని తప్పు కాదు," అన్నాడు బున్‌లియెంగ్. "నేనే జాడీలో కొత్త బియ్యం పోశాను. దానికి చెప్పలేదు."

దావోన్ తండ్రి వైపు తిరిగి, విసుగూ జాలీ కలిసిన గొంతుతో, "పులి కథ అయిపోయిందా నాన్నా, ఇప్పుడు ఇదా?" అంది. "పిల్లని వెనకేసుకొస్తే అది ఎప్పటికి బాగుపడుతుంది?"

బున్‌లియెంగ్ మూలస్తంభం మీద చెయ్యి వేసి ఒట్టు పెట్టాడు. నెత్తి మీద చెయ్యి పెట్టుకుని ఒట్టు పెట్టాడు. ఆ కూతురు చిన్నప్పుడు, తను మూడు రోజులు వాలుగ చేప తోక పట్టుకుని నదికి ఎదురీదానని కూడా ఇదే స్తంభం మీద ఒట్టేశాడు. అది ఆవిడకి గుర్తుంది. జీవితమంతా ఉన్నదానికి నాలుగింతలు కలిపి చెప్పిన ముసలాడికి, ఒక్క పిసరు కలపని మాట చెబితే నమ్మే దిక్కు లేకపోయింది. 

నమ్మేదీ నమ్మనిదీ తేల్చింది మోత్. బుట్ట దించి జాడీ దగ్గరికి వెళ్ళింది. ఒక గింజ తీసి పంటి కింద పెట్టి కొరికింది. మూలనున్న పెద్ద డబ్బా మూత తీసి అందులోంచి ఒక గింజ కొరికింది. ఒకటి మెత్తగా గోరు కొరికినట్టు తెగింది. రెండోది టక్‌మంది.

"తాత నిజమే చెప్తున్నాడు పెద్దమ్మా. ఇవి కొత్తవి. వీటిని అంతసేపు నానబెట్టడం ఎందుకు." డబ్బాకి మూత పెట్టి, ఇంకో మాట కూడా అంది. "కానీ నిన్న వాసన వేరేగా ఉందని నాకు తెలిసింది. తెలిసి కూడా ఎందుకో అని చూడలేదు. బుట్ట నాది కదా, చూడాల్సింది నేనే."

దావోన్ చాచిన చెయ్యి వెనక్కి తీసుకుంది. పూర్తిగా కాదు, నడుం దాకా.

మరి ఇప్పుడేం చేస్తావంది. మోత్ పొయ్యి వైపు చూసింది. నిప్పులు ఎర్రగా కణకణలాడుతున్నాయి. "కాలుస్తా," అంది.

మూడో నెలలో ఆ ఊళ్ళన్నిటా అన్నపు ముద్దలు చేసి, ఉప్పు అద్ది, గుడ్డు పూసి, పుల్లకి గుచ్చి నిప్పుల మీద కాల్చి భిక్షువులకి పెడతారు. ఖావ్ చీ అంటారు దాన్ని. మూడో నెలకింకా మూడు నెలలుంది. ఆ సంగతి దావోన్ గుర్తు చేసింది. కాల్చాల్సిన అన్నం ముందుగానే వచ్చేసింది కదా, పండగ కూడా ముందుకి రావాలి మరి అంది మోత్. అంత చిన్న గొంతులోంచి అంత తొణక్కుండా వచ్చిన ఆ మాటకి ముసలాయన ఒళ్ళు పులకరించింది.

ఆ తరవాత వంటింట్లో ఒకే గొంతు వినపడింది. అమ్మని మగ్గం దగ్గర్నుంచి పిలిచి బాతుగుడ్లు నాలుగు కొట్టి గిలక్కొట్టమంది. పెద్దమ్మకి విసనకర్ర ఇచ్చి నిప్పుల దగ్గర కూర్చోబెట్టింది, మంట రాకూడదు, నిప్పే కావాలి అని చెప్పి మరీ. ముప్ఫై ఏళ్ళుగా పొయ్యి రాజేస్తున్న దావోన్‌కి పదేళ్ళ పిల్ల నిప్పు గురించి పాఠం చెప్పింది. ఆవిడ పావడా అంచు పైకి దోపుకుని విసరడం మొదలుపెట్టింది. బున్‌లియెంగ్ చేతులు ఇంకా వెనక్కి పెట్టుకునే ఉన్నాడు.

"నీ ఒట్టు బుట్ట మీద కదా తాతా, వెదురు మీద కాదు. కూర్చుని పుల్లలు చీల్చు. సన్నగా చీల్చు, నీ కథల్లా సాగదీయకు."

ముసలాయన కత్తి తీసుకుని చీలుస్తూనే ఉన్నాడు. మోత్ చేతులు తడి చేసుకుంటూ, ఆ పిండి ముద్దని అరచేతుల మధ్య తట్టి, గుండ్రంగా చేసి, పుల్లకి అద్దింది. మొదటిది నిప్పుల్లోకి జారిపోయింది. రెండోది సగం జారింది. మూడోదాన్ని ముందు దూరంగా పట్టుకుని పైన పొర కట్టనిచ్చి, అప్పుడు గుడ్డులో ముంచి దగ్గరికి తెచ్చింది. అది నిలిచింది. బయట బంగారు రంగు, లోపల వెన్న. రెండో డోలు మోగేటప్పటికి పన్నెండు. మూడో డోలుకి అరటాకు పరిచిన పళ్ళెంలో ఇరవై మూడు. మొహం నిండా మసి, జుట్టులో బూడిద. బువావన్ తడిగుడ్డతో తుడవబోతే, పళ్ళెం చల్లారిపోతుందని మోత్ నడిచేసింది.

విహారం హాలు నిండిపోయింది. ఏడు పాత్రలు వరసగా ఉన్నాయి. ఆడవాళ్ళు తెల్లటి అన్నం ముద్దలు వేసుకుంటూ నడుస్తున్నారు. వాళ్ళ మధ్య మోత్ ఒంగి, ఒక్కో పాత్రలో ఒక్కో ఖావ్ చీ పెడుతూ నడిచింది. కాల్చిన గుడ్డు వాసన ముందు నడుస్తుంటే పిల్ల దాని వెనక నడిచింది. వరసలో గుసగుసలు లేచాయి. మూడో నెల ఇంకా రాలేదే పిల్లా అని ఒకావిడ నవ్వింది. చిన్న భిక్షువులు నలుగురూ తల వంచుకుని కూర్చున్నారు గాని వాళ్ళ కళ్ళు మాత్రం పాత్రల అంచుల మీదున్నాయి.

మంత్రాలయ్యాక పెద్ద గురువుగారు తన పాత్రలోకి చూసి, ఇది ఎవరింటిదని నెమ్మదిగా అడిగారు.  బున్‌లియెంగ్ లేచి చెప్పేద్దామనుకున్నాడు. చెబితే నవ్వుతారు, నవ్వితే పిల్ల పరువు పోతుంది. అటూ ఇటూ తేల్చుకునేలోపు మోత్ మోకాళ్ళ మీద ముందుకి జరిగి చేతులు జోడించింది.

"మా ఇంటిదండి. నేనే వండాను. అన్నం చెడింది. పున్నమి రోజు మీకు పెట్టకుండా పారెయ్యడం ఇష్టం లేక కాల్చాను."

ఎవరి పేరూ చెప్పలేదు. తాత వైపు కనీసం చూడనైనా లేదు.  బున్‌లియెంగ్ చెప్పిన కథలన్నిటిలోనూ అంత ధైర్యవంతులెవరూ లేరు.

అప్పుడు లేచింది దావోన్. లేచిన కూతుర్ని చూసి ముసలాయన కళ్ళు మూసుకున్నాడు.

"చెడగొట్టింది అది కాదు గురువుగారూ," అంది ఆవిడ. "మా నాన్న. కొత్త బియ్యం జాడీలో పోసి పిల్లకి చెప్పలేదు. కొత్త బియ్యాన్ని అంతసేపు నానబెట్టకూడదని ఆయనకి తెలీదు."

ఆడవాళ్ళ వైపు నుంచి నవ్వు ఎగిసింది. డెబ్బై ఏళ్ళు తిని నానబెట్టడం తెలియని మనిషి ఉంటాడా అని ఒకావిడ, అది కూడా ఆయన కల్పించిందేమో అని ఇంకొకావిడ. నవ్వుతూ నవ్వుతూ ఒక్కొక్కరే మగవాళ్ళ వైపు చూశారు. అక్కడ ఒక్కరూ నవ్వడం లేదు. ఒకడు చాప నేత లెక్కపెడుతున్నాడు. ఒకడికి ఉన్నట్టుండి దగ్గొచ్చింది. రేవులో పడవల పెద్ద తన తువ్వాలు అంచు పరీక్షగా చూస్తున్నాడు. ఆడవాళ్ళ నవ్వు సగంలో ఆగి, ఇంకో రకంగా మళ్ళీ మొదలైంది. ఈసారి అది బున్‌లియెంగ్ ఒక్కడి మీద కాదు.

పెద్ద గురువుగారు కూడా నవ్వారు. పన్నెండో ఏట ఇక్కడికొచ్చాను, నాకూ తెలియదమ్మా అన్నారు. మోత్ వైపు చూసి, నువ్వు తెలుసుకున్నావు కదా, అది చాలు అన్నారు.

ఇంటికి వచ్చే దారిలో దావోన్ బుట్ట మాట ఎత్తలేదు. మోత్ కూడా ఎత్తలేదు. అడిగితే ఏమవుతుందో అన్నట్టు ఖాళీ పళ్ళెం పొట్టకి అదుముకుని నడిచింది.   బున్‌లియెంగ్ అందరికంటే వెనక నడిచాడు. దారిలో రేవు తగిలింది. ఎవరో కేకేసి, ఏం బున్‌లియెంగన్నా, ఇవాళ కథేమీ లేదా అన్నారు. ఇవాళ లేదని చెప్పి వచ్చేశాడు.

సాయంత్రం నీడ మెట్ల దగ్గరికి చేరింది. మోత్ మేకు మీంచి ఆవిరిబుట్ట తీసి దులుపుతోంది. దావోన్ మెట్లెక్కి వచ్చింది. ఆవిడ చేతిలో ఒక చిన్న బస్తా ఉంది. దాన్ని తెచ్చి మోత్ ముందు పెట్టింది.  ఆవిడ ఇవ్వడానికే గాని బుట్ట తీసుకెళ్ళడానికి రాలేదని అర్థమవడానికి ముసలాయనకి కొంచెం సేపు పట్టింది.

"రేపు తెల్లారకుండా నేను సంతకి పోవాలి," అంది దావోన్, ఎటో చూస్తూ. "మా ఇంటి అన్నం కూడా నువ్వే వండు."

మోత్ ముందు బస్తా బరువు చూసింది. తన బుట్టలో ఒకేసారి పట్టదని, రెండు వాయలు పెట్టాలని, అందుకు కట్టెలు ఎక్కువ కావాలని, కట్టెలు పెద్దమ్మ ఇంటి నుంచే రావాలని వరసగా చెప్పింది. దావోన్ అన్నిటికీ తలూపింది. అప్పుడు మోత్ బస్తా మూతి విప్పి ఒక గింజ తీసి పంటి కింద పెట్టుకుంది. అది టక్‌మన్నాక తృప్తిగా తలాడించింది.

"పాతవే. రాత్రంతా నానొచ్చు. మా కొత్తవి మాత్రం పొద్దున లేచాకే నానబెడతా."

దావోన్ మెట్లు దిగుతుంటే ముసలాయన ఆవిడ మొహం పక్కనుంచి చూశాడు. తన కడుపున పుట్టిన ముగ్గురిలో అందరికంటే తక్కువ నవ్వేది ఆ కూతురే. ఇప్పుడు ఎవరూ చూడటం లేదనుకుని నవ్వుకుంటోంది.

"తాతా," అని పిలిచింది మోత్. "నువ్వూ రా. అలా కూర్చోకు. పెద్దమ్మ బియ్యం నువ్వు కొలువు."

బున్‌లియెంగ్ వెళ్ళి బస్తా ముందు గొంతుక్కూర్చున్నాడు. డబ్బా ముంచి, గోపురంలా పైకి తేలేట్టు నింపి, తనంత ధారాళంగా ఇచ్చేవాడు లేడన్నట్టు పైకెత్తాడు. మోత్ దాన్ని ఆపి, చూపుడువేలితో అంచు మీద గీసి, పైన ఉన్నవన్నీ బస్తాలోకి రాల్చేసింది.

"కుప్పగా కాదు తాతా. సమానంగా. లేకపోతే లెక్క తప్పుతుంది, నీళ్ళు తప్పుతాయి."

ఈ నదికి రెండు వైపులా ఎవరి మాటకీ లొంగని ముసలాడు ఆ డబ్బాని బస్తాలో మళ్ళీ ఒంపేసి, మొదటి నుంచి కొలవడం మొదలుపెట్టాడు.